రివాల్వర్‌లో ఖాళీ కేసులు ఇరుక్కుంటుంటే: పాలిష్ చేసేముందు తప్పు తూటాదా, చాంబర్‌దా తేల్చండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆరు చాంబర్ల (తూటాలు కూర్చునే రంధ్రాల) స్టెయిన్‌లెస్ స్టీల్ .357 మాగ్నం రివాల్వర్. చాలాకాలంగా అందులో .38 స్పెషల్ తూటాలే కాలుస్తున్నారు. ఈమధ్య .357 పెట్టె తెచ్చి కాలిస్తే మొదటి విడత ఖాళీ కేసులు (కాల్చాక మిగిలే తూటా డొప్పలు) బిగుతుగానైనా బయటికి వచ్చాయి. తర్వాత నుంచి ఎజెక్టర్ రాడ్‌ని (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే ఊచని) బల్ల అంచుకేసి కొడితే తప్ప కదల్లేదు. ప్రైమర్లు (దెబ్బ తగిలితే మందుని అంటించే, కేస్ అడుగున ఉండే చిన్న కప్పులు) మామూలుగానే కనిపిస్తున్నాయి. డ్రిల్లుకి ఎమరీ పేపర్ చుట్టి చాంబర్లు పాలిష్ చేయమని ఎవరో సలహా ఇచ్చారట, చేయవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు. డ్రిల్లు, ఎమరీ పేపర్ రెండూ పక్కన పెట్టేయండి. చాంబర్ గోడ నుంచి ఒకసారి గీకేసిన ఉక్కును మళ్ళీ అతికించే పద్ధతి లేదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే నా అనుమానం మొదట మసి మీదకి, తర్వాత తూటాల మీదకి, ఆఖరున చాంబర్ మీదకి పోతుంది. అయితే అనుమానం పట్టుకుని రిపేరు మొదలుపెట్టకూడదు. తప్పు తూటాదా చాంబర్‌దా అన్నది ఒక మార్కర్ పెన్ను, ఒక చెక్క పుల్ల, శుభ్రంగా తుడిచిన సిలిండర్ (చాంబర్లున్న తిరిగే దిమ్మ) ఉంటే చాలావరకు తేలిపోతుంది. నా బల్ల మీదికి వచ్చే ఇలాంటి రివాల్వర్లలో సగానికి సగం బ్రష్‌తో బాగైపోయేవే. బాగుపడనివాటిలో కొన్ని మాత్రం ఎవరో ముందే పాలిష్ చేసేసినవి.

ముందు ఇప్పుడు ఇరుక్కున్నవాటి సంగతి చూద్దాం. రాడ్‌ని బల్లకు కొట్టడం ఇంకెప్పుడూ చేయకండి. అది సన్నటి ఊచ. కొంచెం వంగినా సిలిండర్ మూసినప్పుడు బిగుస్తుంది, ట్రిగ్గర్ ఒక చాంబర్ దగ్గర తేలిగ్గా, ఇంకో చాంబర్ దగ్గర బరువుగా తగులుతుంది. అప్పుడు మీకు ఒక సమస్య బదులు రెండు. సిలిండర్ తెరిచి, పేలనివి ఏమైనా మిగిలాయేమో మొదట చూసుకోండి. ప్రైమర్ మీద ఫైరింగ్ పిన్ గుంట ఉన్నంత మాత్రాన అది కాలినట్టు కాదు. దెబ్బ తగిలినా పేలని తూటాకి కూడా అదే గుంట ఉంటుంది. కొట్టినా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన వైపే ఉంచి ఒక నిమిషం ఆగాకే సిలిండర్ తెరవాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది కాబట్టి. తెరిచాక ముందువైపు నుంచి, కాస్త పక్కగా నిలబడి, వెలుతురులో చూడండి. చాంబర్ లోపల గుండు ముక్కు కనిపిస్తే అది ఇంకా పేలగలిగే తూటా. అది చేతితో రాకపోతే ముందు నుంచి పుల్ల పెట్టి నెట్టడం, కొట్టడం రెండూ చేయకండి. అలాగే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించండి.

అన్నీ ఖాళీ కేసులేనని నిర్ధారించుకున్నాక 8 మిల్లీమీటర్ల మందం ఉన్న చెక్క పుల్ల తీసుకోండి. .357 చాంబర్ ముందు నోరు సుమారు 9 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఆ పుల్ల తేలిగ్గా దూరుతుంది. సిలిండర్‌ని అరచేతిలో గట్టిగా పట్టుకుని, ముందు నుంచి ఒక్కో కేస్‌ని విడిగా నెట్టండి. సిలిండర్‌ని ఫ్రేమ్‌కి కలిపే క్రేన్ మీద బరువు పడనివ్వకండి. ఒక్కోటి విడిగా ఎందుకంటే, ఎజెక్టర్ రాడ్ నొక్కినప్పుడు ఆరు కేసుల పట్టునీ కలిపి ఒకేసారి గెలవాలి. ఆరూ కొద్దికొద్దిగా పట్టుకున్నాయా, లేక ఐదు వదులుగా ఉండి ఒకటే మొండికేసిందా అన్నది రాడ్ మీద బొటనవేలికి తెలియదు. పుల్లతో నెట్టినప్పుడు తెలుస్తుంది. రోగనిర్ధారణలో మొదటి మెట్టు అదే.

అసలు కేస్ ఎందుకు వదులుతుందో తెలిస్తే ఎందుకు వదలట్లేదో అర్థమవుతుంది. మందు మండగానే పుట్టే ఒత్తిడికి ఇత్తడి కేస్ ఉబ్బి చాంబర్ గోడకు అంటుకుపోతుంది. గ్యాస్ వెనక్కి చిమ్మకుండా ఆపేది అదే. గోడకు అంటుకున్నాక కూడా ఒత్తిడి ఆగదు, చుట్టూ ఉన్న ఉక్కు కూడా వెంట్రుకవాసి వ్యాకోచిస్తుంది. గుండు గొట్టం దాటి ఒత్తిడి పడిపోయాక రెండూ వెనక్కి వస్తాయి. ఇత్తడి ఎంత వెనక్కి రాగలదన్నది దాదాపు స్థిరం. అది ఆ ఇత్తడి గట్టిదనం మీద ఆధారపడి ఉంటుంది, ఒత్తిడి పెరిగిందని అది ఎక్కువగా ముడుచుకోదు. ఉక్కు అలా కాదు. ఒత్తిడి ఎంత ఎక్కువైతే అంత సాగుతుంది, అంతా వెనక్కి వచ్చేస్తుంది. మామూలు ఒత్తిడిలో ఇత్తడి ముడుచుకునేది ఎక్కువ, ఉక్కు ముడుచుకునేది తక్కువ, మధ్యలో సన్నటి సందు మిగులుతుంది, కేస్ జారి వచ్చేస్తుంది. ఒత్తిడి హద్దు దాటితే ఉక్కు వచ్చే దూరం ఇత్తడి వచ్చే దూరాన్ని మించిపోతుంది. సందు మిగలదు సరికదా, ఉక్కే కేస్‌ని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు రివాల్వర్‌లో కేస్ బిగుసుకుంటే ప్రైమర్ల వైపు చూసి ధైర్యం తెచ్చుకోరు. ప్రైమర్ చదునవడం ఎక్కువ ఒత్తిడికి గుర్తే, కానీ అది దాని కప్పు మందాన్ని బట్టి కూడా మారుతుంది. కేస్ పట్టు అంతకంటే నమ్మదగిన హెచ్చరిక. మీరు ప్రైమర్లు మామూలుగా ఉన్నాయన్నారు. మంచిదే, కానీ దానికి నేను అంత మార్కులు వేయను.

లోహం మారితే కథ మారుతుంది. ఉక్కు కేస్ ఇత్తడి అంతగా వెనక్కి ముడుచుకోదు, అందుకే చవక ఉక్కు కేస్ తూటాలు రివాల్వర్లలో తరచు మొరాయిస్తాయి. వాటి మీది లక్క వేడికి కరిగి అతుక్కుంటుందని చెప్పుకుంటారు. నాకు నమ్మకం లేదు. ఆ లోహం స్వభావమే చాలా వరకు కారణం. పాతకాలం రాగి కేసులదీ ఇలాంటి బాధే. 1876లో అమెరికాలో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో సేనాని కస్టర్ సైనికుల కార్బైన్లలో (పొట్టి రైఫిళ్ళలో) రాగి కేసులు ఇరుక్కోవడం వల్లే ఓడిపోయారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. 1980లలో ఆ మైదానంలో జరిగిన తవ్వకాల్లో దొరికిన కేసుల్లో, బలవంతంగా పీకి తీసిన గుర్తులున్నవి చాలా తక్కువ. ఓటమికి అదే కారణం అనడం అతిశయోక్తి. రాగి మెత్తనిదని, ఇత్తడంత చక్కగా చాంబర్‌ని వదలదని మాత్రం నిజమే, అందుకే తర్వాత అమెరికా సైన్యం ఇత్తడికి మారింది.

ఇక పరీక్షలు. సిలిండర్ బయటివైపు మార్కర్‌తో చాంబర్లకు 1 నుంచి 6 దాకా అంకెలు వేయండి. తర్వాత సాల్వెంట్‌తో అన్నీ శుభ్రం చేసి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. ఎలా శుభ్రం చేయాలో కింద చెప్తాను, ఎందుకంటే మీ విషయంలో అసలు పని అదే కావచ్చు. కాల్చే ముందు ఖాళీ సిలిండర్ తెరిచి ఎజెక్టర్ రాడ్‌ని నొక్కి చూడండి. కేసులు లేకుండానే బరువుగా ఉంటే సమస్య చాంబర్లలో లేదు, రాడ్ వంగి ఉండాలి లేదా స్టార్ (కేసుల అంచుల్ని పట్టి నెట్టే నక్షత్రం ఆకారపు ముక్క) కింద ఏదో ఇరుక్కుని ఉండాలి. అది సాఫీగా ఉంటే, ఒకే పెట్టెలోని .357 తూటాలు ఆరు నింపి, కాల్చి, పుల్లతో ఒక్కోటి నెట్టి, ఏ అంకె ఎంత బిగుతుగా వచ్చిందో రాసుకోండి. తర్వాత ఇంకో కంపెనీ తూటాలతో అదే పని చేయండి.

ఇప్పుడు రాసుకున్నదాన్ని చదవండి. ఆరూ సమానంగా బిగుసుకుని, తూటా మార్చగానే వదిలితే తప్పు తూటాది. ఏ తూటా పెట్టినా ఒకే అంకె మొండికేస్తే ఆ చాంబర్‌లో ఏదో ఉంది. శుభ్రం చేశాక మొదటి విడతలు బాగా వచ్చి, తర్వాత మెల్లగా బిగుసుకుంటూ పోతే మసి. మీరు చెప్పిన తీరు ఈ మూడోదానికే దగ్గరగా ఉంది. పరీక్షంతా ఒకే రోజు, ఒకే కూర్చున్నపాటున చేయండి. వేడెక్కిన సిలిండర్, చల్లారిన సిలిండర్ ఒకేలా ప్రవర్తించవు.

.38 స్పెషల్ కేస్ పొడవు 29.3 మిల్లీమీటర్లు, .357 మాగ్నం కేస్ పొడవు 32.8 మిల్లీమీటర్లు. తేడా మూడున్నర మిల్లీమీటర్లు. మీరు .357 చాంబర్‌లో .38 కాల్చినప్పుడల్లా దాని మూతి ముందున్న ఆ మూడున్నర మిల్లీమీటర్ల మేర గోడ మీద మసి, సీసం, గుండుకి పూసిన మైనం కలిసి పేరుకుంటాయి. వందల గుండ్ల తర్వాత అది గట్టిపడి రింగులా తయారవుతుంది. .38 మళ్ళీ పెడితే ఆ రింగు దాకా రాదు కాబట్టి మీకు ఏమీ తెలియదు. .357 పెట్టినప్పుడు దాని మూతి సరిగ్గా ఆ రింగులోకే దూరుతుంది. పేలినప్పుడు అక్కడే ఉబ్బి, ఆ మసిని గోడకీ తనకీ మధ్య అదిమి పట్టుకుంటుంది. ఇంకో ముప్పు కూడా ఉంది. గుండుని వదలడానికి కేస్ మూతి కొద్దిగా విచ్చుకోవాలి. రింగు అడ్డుపడితే ఆ చోటు ఉండదు, ఒత్తిడి మామూలుకంటే పెరగవచ్చు. ఎలా చూసినా ఆ రింగు ఉండకూడదు. .44 స్పెషల్, .44 మాగ్నం జంటలోనూ ఇదే కథ.

రింగు ఉందో లేదో కాల్చకుండానే తెలుసుకోవచ్చు. గొట్టం నేలవైపు ఉంచి, కాలని .357 తూటాని చాంబర్‌లోకి వదలండి. తన బరువుకే జారి రిమ్ (కేస్ అడుగు అంచు) దాకా కూర్చోవాలి. రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి మిగిలి, బొటనవేలితో నెడితే గానీ కూర్చోకపోతే రింగు ఉన్నట్టే. పరీక్ష అయ్యాక ఆ తూటా తీసేసి, తూటాలన్నీ వేరే చోటికి పంపేశాకే శుభ్రం చేయడం మొదలుపెట్టండి.

కాల్చిన కేస్‌ని చూడటం కూడా నేర్చుకోండి. కిటికీ దగ్గర పక్క వెలుతురులో కేస్‌ని వేళ్ళ మధ్య తిప్పుతూ గోరు ఆనించండి. మూతి దగ్గర మాత్రమే నల్లగా మరకలు, పొడుగు గీతలు ఉంటే మసి రింగు. ఒంటి మీద అడ్డంగా, సన్నటి వలయాల్లా గీతలు గోరుకి తగులుతుంటే చాంబర్‌ని కొలతకి తొలిచిన పనిముట్టు, అంటే రీమర్, వదిలిన గుర్తులు అవి. ఇత్తడి ఆ గాడుల్లోకి ఒత్తుకుని పట్టుకుంది. ఎక్కడో ఒకచోట ఆవగింజంత బుడిపె పైకి లేచి ఉంటే చాంబర్ గోడలో తుప్పు తిన్న గుంట ఉంది, బుడిపె దాని అచ్చు. రిమ్‌కి కాస్త పైన కేస్ ఒకవైపు మెరుస్తూ ఉబ్బి ఉంటే మాత్రం తుపాకీ వెంటనే కాల్చడం ఆపండి. సిలిండర్‌లో గోడ అన్నిటికంటే పల్చగా ఉండేది, బయటివైపు సిలిండర్‌ని ఆపి పట్టే స్టాప్ కూర్చోవడానికి గాడి కోసిన చోట. మితిమీరిన ఒత్తిడికి మొదట ఉబ్బేది అక్కడే. ఉబ్బిన సిలిండర్‌కి రిపేరు లేదు, మార్చడమే.

శుభ్రం చేసే పని ఇలా. సిలిండర్‌ని ఫ్రేమ్ నుంచి తీయగలిగితే తీయండి. చాంబర్లలోకి మసిని మెత్తబరిచే సాల్వెంట్ పోసి అరగంట నాననివ్వండి, రింగు పాతదైతే ఒక రాత్రంతా. .357 చాంబర్‌కి ఆ సైజు గొట్టం బ్రష్ చాలదు, వదులుగా ఆడుతుంది. కొంచెం పెద్దదైన .40 కాలిబర్ బ్రాంజ్ బ్రష్ వాడండి, గోడకు బిగుతుగా తగులుతుంది. .44కి .45 బ్రష్. వెనకనుంచి దూర్చి, చేత్తో తిప్పుతూ ముందుకు నెట్టి, మొత్తం బయటికి వచ్చాకే వెనక్కి లాగండి. మధ్యలో దిశ మార్చితే పళ్ళు ఒరిగిపోతాయి. స్టీల్ బ్రష్ పెట్టకండి. సిలిండర్ టైటానియంది అయితే రాపిడి పౌడర్లు, పాలిష్ పేస్టులు అసలు తాకించకూడదు, దాని పైపూత పోతే ముందు భాగం త్వరగా కరిగిపోతుంది. మీది స్టెయిన్‌లెస్ అన్నారు కాబట్టి సీసం తీసే పసుపు రంగు గుడ్డ ముక్క కూడా వాడుకోవచ్చు. నీలిరంగు పూత ఉన్న తుపాకీకి మాత్రం అది తగలనివ్వకండి, పూతని కూడా తినేస్తుంది.

మొండి రింగుకి పాతవాళ్ళు వాడే చిట్కా ఒకటి ఉంది. ప్రైమర్, మందు ఏమీ లేని ఖాళీ .357 కేస్ తీసుకుని, దాని మూతిని కొద్దిగా వెడల్పు చేస్తారు. అది మెత్తటి ఇత్తడితో చేసిన స్క్రాపర్ అవుతుంది. సాల్వెంట్‌తో నానిన చాంబర్‌లో దాన్ని వెనకనుంచి దూర్చి నొక్కుతూ తిప్పితే, రింగు నల్లటి పెచ్చులుగా ఊడి ముందునుంచి రాలుతుంది. ఇత్తడి ఉక్కుని గీయదు, అందం అక్కడుంది. మూతి మొద్దుబారితే పడేసి ఇంకో కేస్ తీసుకోవడమే. మొదటిసారి ఊడిన పెచ్చు చూస్తే, ఇంత మందం లోపల ఎప్పుడు పేరుకుందా అని ఆశ్చర్యపోతారు.

శుభ్రం చేశాక చాంబర్లని పూర్తిగా ఆరబెట్టండి. కేసులు జారాలని లోపల నూనె రాసేవాళ్ళున్నారు, అది తప్పు. పేలిన క్షణంలో కేస్ గోడని పట్టుకుని ఉండటం వల్ల సిలిండర్ వెనకున్న ఫ్రేమ్ గోడ (రికాయిల్ షీల్డ్) మీద పడే దెబ్బ కొంత తగ్గుతుంది. నూనె ఉంటే కేస్ పట్టు తప్పి మొత్తం బలంతో వెనక్కి తన్నుతుంది. ఇది వట్టి సిద్ధాంతం కాదు. స్మిత్ అండ్ వెసన్ 1961లో .22 రెమింగ్టన్ జెట్ తూటా కోసం మోడల్ 53 రివాల్వర్ తెచ్చింది. ఆ కేస్ సీసా ఆకారంలో సన్నబడేది. చాంబర్‌లో కొద్దిగా నూనె ఉన్నా కేసులు వెనక్కి జరిగి సిలిండర్‌ని తిరగనివ్వకుండా బిగించేసేవి. చాంబర్లు పొడిగా ఉంచడం ఆ తుపాకీ వాళ్ళకి నిత్యపూజ అయిపోయింది. పైగా నిలవ ఉంచిన తూటాల ప్రైమర్‌లోకి నూనె పాకితే అవి పేలకపోయే ప్రమాదమూ ఉంది.

తూటాల మీద అనుమానం మిగిలితే. కంపెనీ తూటాలే అయినా ఒక్కో బ్యాచ్ ఒక్కోలా ఉంటుంది. .357 మాగ్నంకి అమెరికా పరిశ్రమ ప్రమాణాల సంస్థ సామీ నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .38 స్పెషల్‌కి 17,000. అంటే మీరు ఇన్నాళ్ళూ చాంబర్‌ని సగం బరువుతో నడిపారు. .357 కాస్త ఎక్కువ బిగుతుగా రావడం ఎలాగూ ఉంటుంది, ఎజెక్టర్ రాడ్‌ని అరచేతితో ఒక్క గట్టి దెబ్బ కొడితే రావాలి. రెండు దెబ్బలు కావాలంటే ఆలోచించాలి, బల్ల కావాలంటే ఆపేయాలి. ఎండలో నిలిపిన కారులో గంటలకొద్దీ ఉన్న తూటాలు ఒత్తిడిని పెంచవచ్చు. ఆ పెట్టె నీడలో చల్లబడ్డాక మళ్ళీ చూడండి. తోలు బెల్టు గూళ్ళలో నెలలు తరబడి ఉంచిన తూటాలకి పట్టే పచ్చటి చిలుము కూడా చాంబర్‌లో జిగురులా పనిచేస్తుంది. అవి కాల్చకండి. ఇక ఇంట్లో మందు నింపుకున్న తూటాలైతే, వేరే వాదన లేదు. కేసులు బిగుసుకున్న చోటే ఆగి, ప్రచురించిన లోడ్ డేటా ప్రకారం మందు తగ్గించండి. పుస్తకంలో ఇంకా ఎక్కువ ఉంది కదా అనకండి. ఆ సంఖ్య వాళ్ళ తుపాకీది, మీ తుపాకీ ఇప్పటికే సమాధానం చెప్పేసింది.

తప్పు తూటా పెట్టడం ఇంకో రకం. చాలాసార్లు ఇది పాత తుపాకీల్లో కనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కి వెళ్ళిన స్మిత్ అండ్ వెసన్ విక్టరీ రివాల్వర్లు .38/200 తూటాకి చేసినవి. ఆ కేస్ .38 స్పెషల్ కంటే పొట్టిది, కానీ లావుది. యుద్ధం అయ్యాక వాటిలో చాలావాటి చాంబర్లని లోతుగా తొలిచి .38 స్పెషల్ అని అమ్మారు. లోతు సరిపోయింది గానీ వెనకభాగం ఇప్పటికీ వెడల్పే. సన్నటి .38 స్పెషల్ కేస్ అక్కడ కుండలా ఉబ్బి, కొన్నిసార్లు నిలువునా చీలుతుంది. దాన్ని ఎంత పాలిష్ చేసినా ఫలితం ఉండదు, చాంబర్ పెద్దదవడమే సమస్య అయితే ఇంకా గీకడం వల్ల ఏం ఒరుగుతుంది? రష్యన్ నాగాంట్ 1895 రివాల్వర్‌లో దాని సొంత తూటాలు దొరక్క .32 తూటాలు కాల్చేవాళ్ళకీ ఇదే అనుభవం. ఉబ్బిన కేసులు, చీలిన కేసులు, పుల్ల పెట్టి నెట్టినా రాని కేసులు.

.22 రివాల్వర్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే ఇరుక్కోవడంలో వాటిదే అగ్రతాంబూలం. వాటి కేస్ పల్చన, చాంబర్లు తరచు బిగువు, తూటాకి బయట మైనం. పైగా 8, 9, 10 కేసులు ఒకేసారి నెట్టాలి. ఒక్కోటి పట్టేది కొంచెమే అయినా పదీ కలిస్తే రాడ్ కదలదు. అధిక వేగం తూటాల నుంచి మామూలు టార్గెట్ తూటాలకి మారితే సగం బాధ తీరుతుంది. మిగతా సగం తరచుగా బ్రష్ చేయడం. అయినా వదలకపోతే గన్‌స్మిత్ ఫినిషింగ్ రీమర్‌తో చాంబర్లని సరైన కొలతకి తేవడం తెలివైన పని. ఇసుకకాగితం పని కాదు, కొలత పని అది.

మీరు కేసులు ఎలా తీస్తారన్నదీ లెక్కలోకి వస్తుంది. గొట్టం నేలవైపు ఉంచి రాడ్ నొక్కితే, కాలని మందు పలుకులు స్టార్ కిందకి రాలుతాయి. తర్వాతిసారి స్టార్ పూర్తిగా కూర్చోదు, సిలిండర్ బిగుస్తుంది. గొట్టం ఆకాశం వైపు నిటారుగా పెట్టి, రాడ్‌ని వేలితో నెమ్మదిగా కాకుండా అరచేతితో ఒకేసారి చివరిదాకా కొట్టండి. మెల్లగా నొక్కితే ఒక కేస్ రిమ్ స్టార్ కిందకి జారి అక్కడ చిక్కుకుంటుంది. అలా జరిగితే స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి, స్టార్ వేళ్ళు వంగుతాయి. రాడ్ చివరిదాకా నొక్కి పట్టుకుని, రెండో చేతి గోటితో ఆ కేస్‌ని పైకి లాగితే వచ్చేస్తుంది. రెండు అంగుళాల గొట్టం ఉన్న చిన్న రివాల్వర్లలో రాడ్ పొట్టిగా ఉంటుంది, పొడుగు .357 కేసుల్ని పూర్తిగా బయటికి నెట్టలేదు. కేసులు చివర్లో వేలాడుతుంటే అది ఇరుక్కోవడం కాదు, రాడ్ పొడవు అంతే. కుదిపితే రాలిపోతాయి.

చివరికి పాలిష్ సంగతి. పరీక్షలన్నీ అయ్యాక ఒకే అంకె మీద రీమర్ గీతలు లేదా తేలికపాటి తుప్పు మిగిలితే, దానికి పాలిష్ న్యాయమే. అప్పుడు కూడా గన్‌స్మిత్ సన్నటి గింజ ఉన్న చాంబర్ హోన్‌ని (సానపట్టే పరికరాన్ని) నూనెతో కొన్ని సెకన్లు మాత్రమే తిప్పి, ముందూ వెనకా కొలిచి చూస్తాడు. అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు. డ్రిల్లుకి చుట్టిన ఎమరీ పేపర్ సమంగా తినదు. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ తిని గోడని ఎగుడుదిగుడు చేస్తుంది, కేస్ ఆ పల్లాల్లోకి ఉబ్బి ఇంకా గట్టిగా పట్టుకోవచ్చు. సలహా ఇచ్చినాయన బహుశా తన తుపాకీలో బాగా పనిచేసిందనే చెప్పి ఉంటాడు. రెండు విడతలు కాల్చి చెప్పాడేమో.

తుపాకీ కొత్తదైతే, ఒకే చాంబర్ మొండికేస్తుంటే, చాంబర్‌ని మీరు గీకితే వారంటీ పోవచ్చు. కంపెనీకే పంపండి. పంపేటప్పుడు రెండు రకాల తూటాలతో కాల్చిన ఆరేసి కేసుల్ని, ఏ చాంబర్‌లోవి ఆ అంకె కేస్ మీదే రాసి, విడివిడి పొట్లాల్లో జతచేయండి. ‘కేసులు ఇరుక్కుంటున్నాయి’ అని ఉత్తరం రాస్తే శుభ్రం చేసి తిరిగి పంపేస్తారు. 4వ అంకె రాసిన రెండు కేసుల మీదా ఒకే చోట బుడిపె కనిపిస్తే సిలిండర్ మార్చి పంపుతారు.